నల్లబండ మీద ఎవరి మాట

ఇప్పచెట్లు గుబురుగా పెరిగిన చిలకలకోన అడవిలో కుందేళ్లు, అడవికోళ్లు, ఉడుములు, ముంగిసలు ఉండేవి. అన్నిటికీ పైన, ఆకాశంలో, ఒక ముసలి డేగ కూడా ఉండేది. దాని గురించి మాట్లాడటం ఎవరికీ ఇష్టం లేదు. దాన్ని మరిచిపోయే ధైర్యమూ ఎవరికీ లేదు.

ఆ అడవిలో తంగేడి అనే ఆడ ముంగిస, జెముడు అనే మగ ముంగిస కొంతకాలం ఒకే బొరియలో కాపురం చేశారు. ఇద్దరికీ పొసగలేదు. తిండి దగ్గర తగువు, నిద్ర దగ్గర తగువు. చివరికి ముంగిస పెద్దలు కూర్చుని, కలిసి ఉండి కరుచుకునే కంటే విడివిడిగా ఉండి ప్రశాంతంగా బతకండని తేల్చేశారు. తంగేడి వాగుకు తూర్పు ఒడ్డున రెల్లుగడ్డిలో ఉండిపోయింది. జెముడు పడమటి ఒడ్డున పుట్టల మధ్యకు వెళ్లిపోయాడు.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు పిందె. పున్నమి వెళ్లగానే పిల్ల నాన్న దగ్గరికి పోవాలి, అమావాస్య వెళ్లగానే అమ్మ దగ్గరికి రావాలి. అదీ ఒప్పందం. వాగు మధ్యలో ఒక నల్లబండ ఉంది. అప్పగింతలన్నీ ఆ బండ మీదే జరిగేవి. అమ్మ ఈ ఒడ్డున, నాన్న ఆ ఒడ్డున నిలబడి చూస్తుంటే పిల్ల ఒంటరిగా బండ దాటేది. తల్లీ తండ్రీ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు.

ఒప్పందం బాగానే ఉంది. తంగేడి మనసే బాగాలేదు. పిల్ల అటు వెళ్లిన ప్రతిసారీ ఆమెకు ముద్ద దిగేది కాదు. ఆకాశంలో చిన్న చుక్క కనబడినా అది డేగేనేమో అనుకునేది. ఒడ్డు మీదికి వచ్చి, అవతలి వైపు చెవులు రిక్కించి, ఏమీ వినబడక ఇంకా భయపడేది.

తూర్పు ఒడ్డున గడ్డి ఎత్తుగా ఉంటుంది. డేగ నీడ పడితే అక్కడ తంగేడి "నక్కు" అనేది. అప్పుడు పిల్ల ఉన్నచోటే నేలకు అతుక్కుపోవాలి. పడమటి ఒడ్డున గడ్డి లేదు, అడుగడుగునా పుట్టలే. అక్కడ జెముడు "ఉరుకు" అనేవాడు. అప్పుడు పిల్ల పరుగెత్తి పుట్టలో దూరాలి. ఎవరి నేలకు వాళ్ల మాట సరైనదే. కానీ ఎదుటివారి మాట సరైనదని అనడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

డేగను మించి పరుగెత్తే ముంగిస ఎక్కడుందని తంగేడి పిల్ల దగ్గర దెప్పేది. పడుకుంటే డేగ దండం పెట్టి పోతుందా అని జెముడూ పిల్ల దగ్గరే ఎగతాళి చేసేవాడు. పిందె ఇటు మాటలు అటు చేరవేయలేదు, అటు మాటలు ఇటు చేరవేయలేదు. అన్నీ కడుపులోనే దాచుకుంది.

ఒకరోజు మాత్రం ఉండబట్టలేక అడిగింది. "అమ్మా, బండ మీద ఎవరి మాట వినాలి?"

"కన్నదాన్ని నేను. నా మాటే," అంది తంగేడి.

అంతకుముందు నాన్న కూడా తన మాటే వినమన్నాడని పిందె చెప్పలేదు. చెబితే మళ్లీ గొడవవుతుందని దాని భయం.

అమావాస్య వెళ్లిన మర్నాటి పొద్దున తంగేడి అందరికంటే ముందే ఒడ్డుకు చేరింది. కాళ్లు ఒకచోట నిలవడం లేదు. పిందె పడమటి ఒడ్డు దిగి బండ ఎక్కింది. సరిగ్గా అప్పుడే నీళ్ల మీద నీడ పడింది.

"నక్కు," అని తంగేడి అరిచింది. అదే క్షణంలో అవతలి నుంచి "ఉరుకు," అని జెముడు అరిచాడు.

బండకు ఒక పెద్ద పగులు ఉంది. పిందె అందులోకి వంగింది. మళ్లీ లేచింది. రెండడుగులు వేసి ఆగింది. అమ్మ వైపు చూసింది, నాన్న వైపు చూసింది. ఇద్దరూ ఇంకా గట్టిగా, ఎవరి మాట వాళ్లు అరిచారు. డేగ దిగింది.

తల్లీ తండ్రీ ఒకేసారి నీళ్లలోకి దూకారు. జెముడు డేగ కాలు కొరికాడు. తంగేడి రెక్క పట్టుకుని వేలాడింది. డేగ ఇద్దరినీ విదిలించి లేచిపోయింది. పోతూ పోతూ పిందె ఎడమ చెవిని సగం తెంపుకుపోయింది.

పిల్ల వణికిపోతోంది. దాని మెడ మీదుగా రక్తం కారుతోంది. అయినా అమ్మానాన్నలకు బుద్ధి రాలేదు. నువ్వు అరవబట్టే అంటే మీరు అరవబట్టే అని మొదలుపెట్టారు.

ఇసుకలో గుడ్లు పొదుగుతున్న తీతువవ్వ ఇక ఊరుకోలేకపోయింది. "పగుల్లో నక్కినా పిల్ల దక్కేది, ఒడ్డుకు ఉరికినా దక్కేది. మీ రెండు మాటలూ ఒక్కసారే వినబడి ఇలా అయింది. నోళ్లు మీవి, చెవి దానిది," అంది.

అప్పుడు పిందె మెల్లగా అంది. "నేను ఇద్దరి మాటా విందామనుకున్నాను."

ఆ మాటతో తంగేడికి ఏడుపు ఆగలేదు. జెముడు తల వంచుకున్నాడు. విడిపోయాక మొదటిసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. తూర్పు ఒడ్డున అమ్మ మాట, పడమటి ఒడ్డున నాన్న మాట. బండ మీద మాత్రం ఎవరు ముందు నోరు తెరిస్తే వాళ్ల మాటే. రెండోవారు కిక్కురుమనకూడదు. పిల్ల ముందు ఒకరినొకరు తీసిపారేయకూడదు. ఇన్నిటికీ ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఒప్పుకోవడం తేలికే. వానలు వెనకబట్టాక, పిందె నాన్న దగ్గరికి వెళ్తున్న ఒక పొద్దున, డేగ మళ్లీ వచ్చింది.

పిల్ల బండ మీద ఉంది. జెముడు ముందు చూశాడు. "ఉరుకు," అన్నాడు. తంగేడి ఒళ్లంతా నక్కు నక్కు అని కొట్టుకుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేసింది. పరుగెత్తుతున్న పిల్ల వీపు మీద డేగ నీడ పడటం కళ్లారా చూసింది. అయినా నోరు విప్పలేదు.

పిందె ఆగలేదు, వెనక్కి చూడలేదు. ఒడ్డెక్కి పుట్టలో దూరిపోయింది. డేగ ఉత్త గోళ్లతో లేచి కొండ అవతలికి పోయింది.

కాసేపటికి పుట్టలోంచి సగం చెవి బయటికి వచ్చింది. "అమ్మా, నువ్వేమీ అనలేదేం?" అని పిందె ఆ ఒడ్డు నుంచి అడిగింది.

తంగేడి నీటి అంచుదాకా వచ్చింది. "మీ నాన్న చెప్పారు కదమ్మా," అంది.

నీతి: అమ్మానాన్నలు విడిపోయినా పిల్లకు దారి చూపే మాట ఒక్కటే ఉండాలి, పెద్దల పంతానికి దెబ్బ తగిలేది పిల్లలకే.