పోలయ్య బండిలో పచ్చ దీపం

అనగనగా అంటే మరీ అంత పాత అనగనగా కాదర్రా. రెండువేల పదిహేడు, తొలకరి. వేట సెలవులు అయిపోయి పడవలన్నీ అప్పుడే నీళ్ళలోకి దిగాయి. సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో పోలయ్య అని ఒక మొండి ముసలాయన, ఆయన కోడలు మరిడమ్మ ఉండేవారు. కొడుకు వేటకి పోతే పదేసి రోజులు రాడు. వీళ్ళకి ఉన్నదల్లా ఒక చేపల బండి, పాత చిన్న ట్రక్కు. అది తిరిగితేనే పొయ్యి వెలిగేది.

చేపల బండంటే మాటలా? ఐసు కరుగుతుంది, ఉప్పునీళ్ళు కారతాయి. ఉప్పునీళ్ళు రేకుని నాకుతాయి, నాకిన రేకు తుప్పవుతుంది, తుప్పు చిల్లవుతుంది, చిల్లు పెద్దదై బండినే మింగుతుంది. అందుకని సంత నుంచి రాగానే మరిడమ్మ బోరింగు దగ్గర్నుంచి పన్నెండు బిందెల మంచినీళ్ళు మోసేది, పోలయ్య బండిని కిందా మీదా కడిగేవాడు. ఊ కొట్టండర్రా, నిద్రపోయారా ఏంటి?

ఆ ఏడు మరిడమ్మ నెల తప్పింది. బిందె చంకనెత్తుకుని ఆ పిల్ల వస్తుంటే పోలయ్యకి ప్రాణం ఉసూరుమనేది. కానీ నోరు తెరిచి వద్దమ్మా అనడు. అదీ మొండితనమే.

అలాంటప్పుడు చొక్కా టక్కు చేసుకున్న ఒకాయన వచ్చాడు. చేతిలో అగ్గిపెట్టెకి అన్నలాంటి పెట్టె. దీన్ని బ్యాటరీకి తగిలిస్తే బండి ఒళ్ళంతా కరెంటు పాకుతుందనీ, తుప్పు దగ్గరికే రాదనీ, ఇంక కడగక్కర్లేదనీ చెప్పాడు. పోలయ్య చెవిలో ఆఖరి మాటే పడింది. కొనేశాడు. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. బిందెలు బోర్లించాడు.

"మా నాన్న పడవ కింద తుత్తునాగం ముద్ద బిగించేవాడు మావయ్యా" అంది మరిడమ్మ. "ముద్ద అరిగేది, ఇనుము మిగిలేది. అదీ నీళ్ళలో మునిగి ఉన్నంతసేపే. ఒడ్డుకి లాగితే ముద్ద ఉన్నా తుప్పే. కరెంటు ఒక చుట్టు తిరిగి రావడానికి నీళ్ళే దారి. బండి గాల్లో ఉంది, దానికి దారేది?"

"పడవ పడవే, బండి బండే. నువ్వెళ్ళి కూర్చో" అన్నాడు పోలయ్య.

ఊరుకుంటుందా? మూడు చేపల కత్తులు ఇసకతో తళతళా తోమింది. ఒకటి పెట్టె తీగకి కట్టింది, ఒకటి ఊరికే వేలాడదీసింది, ఒకదానికి నూనె రాసింది. పదిహేను రోజులు ఉప్పుగాలి కొట్టింది. నూనె రాసింది నూనె రాసినట్టే ఉంది. మిగతా రెండూ అక్కచెల్లెళ్ళలా ఒకేలాగ ఎర్రబడ్డాయి.

పోలయ్య తీగకి కట్టిన కత్తిని తిప్పి చూశాడు. కత్తి చిన్నది, కరెంటు నిలవలేదన్నాడు. ఆయనకి తెలియకనా? ఒప్పుకుంటే రేపటి నుంచి మళ్ళీ పన్నెండు బిందెలు. తను మోసుకొద్దామంటే మోకాళ్ళు రావు. ఇంకొకర్ని అడుగుదామంటే నోరు రాదు.

దీపావళి ముందు, సంతకి పోతూ క్లచ్చి తొక్కాడు. కాలి కింద రేకు బిస్కత్తులా విరిగింది. పాదం కిందికి జారి రోడ్డుకి రాసుకుపోయింది. బండి ఆగాక చూస్తే, పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

ఆసుపత్రిలో నలిగిన కాలివేళ్ళు తీసేశారు. అప్పుడు చెప్పాడు, "కడుపుతో ఉన్న నీ చేత నీళ్ళు మోయించడానికి మనసు రాలేదే తల్లీ" అని.

"ఆ మాట అప్పుడే అంటే బోరింగుకి పైపు తగిలించేవాళ్ళం కదా మావయ్యా!" అంది మరిడమ్మ. ఏడుస్తూనే నవ్వింది.

పైపు తగిలించారు. కొత్త రేకు వెల్డింగు చేయించి ఎర్ర రంగు పూయించారు. ఆడపిల్ల పుట్టింది. పోలయ్య స్టూలు మీద కూర్చుని బోరింగు కొడతాడు, మరిడమ్మ పైపుతో బండి కడుగుతుంది. పచ్చ దీపం పెట్టె ఆ పిల్లకి ఆటబొమ్మైంది. దీపం వెలిగితే దీపం వెలుగుతోందనే అర్థమర్రా, బండి బాగుందని కాదు. మనసులో ఉన్నది నోటితో చెప్పాలి.

కథ కంచికెళ్ళి పడుకుంటుంది, మీరిక్కడ పడుకోండి.

ఏంటే? వేళ్ళు మళ్ళీ మొలిచాయా అనా?

లేదమ్మా. ఆ తాతకి ఎడమ కాలికి మూడు వేళ్ళే.