నాలుగింటికి వచ్చే నీటికుక్కలు

2005 ఫిబ్రవరి 18, శుక్రవారం, సాయంత్రం ఆరున్నర. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి హాల్లోకి వచ్చేసరికి త్రినాథ్ మా మావయ్యగారి ముందు ఒక కాగితమూ పెన్నూ పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

మావయ్యగారు కామేశ్వరశర్మగారు నలభై ఏళ్ళు అడవుల్లో జంతువుల మీద సినిమాలు తీసిన మనిషి. తాళ్ళరేవు దగ్గర, మడ అడవికి మైలు దూరంలో మా ఇల్లు. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి ఎవరో ఒకరు మేడ మీద గదిలో ఉండేవారు. ఆ ఏడు ఉన్నవాడు త్రినాథ్. బొబ్బిలి కుర్రాడు, పాతికేళ్ళవాడు. చురుకైనవాడే. కాకపోతే ఎనిమిది నెలలుగా నీటికుక్కల కోసం బురదలో కూర్చుని, కొంగలు తప్ప ఏమీ తియ్యలేకపోయాడు.

అలాంటిది, వారం రోజుల్లో తీసేశాడు. కెమెరా టీవీకి తగిలించి చూపించాడు కూడాను. తల్లి నీటికుక్క, వెనకాల మూడు పిల్లలు, ఒడ్డున కూర్చుని చేపలు కరకరా నముల్తున్నాయి. మీసాల మీద నీటి చుక్కలు కూడా లెక్కపెట్టొచ్చు. నేను నోరు తెరుచుకుని చూశాను.

"ఢిల్లీలో పోటీ అండి మాస్టారూ. గెలిస్తే ఉద్యోగమే ఇచ్చేస్తారు. బుధవారం పోస్టు చెయ్యాలి. మీ సంతకం ఒక్కటే తక్కువ," అన్నాడు త్రినాథ్.

మావయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం పైకే చదివారు. "ఎర వెయ్యకుండా, జంతువుల సహజ ప్రవర్తనను చిత్రించినదని ధ్రువీకరిస్తున్నాను."

"ఆయ్, అక్కడేనండి, కింద," అని వేలు పెట్టి చూపించాడు.

"ఇవి ఎన్నింటికి వచ్చాయిరా?"

"సరిగ్గా నాలుగింటికండి. రోజూ నాలుగింటికే."

"గడియారం చూసుకుని వస్తున్నాయా?"

త్రినాథ్ నవ్వాడు. మావయ్యగారు నవ్వలేదు. "తల్లి నీళ్ళకేసి చూడట్లేదే? నీ పడవకేసి చూస్తోంది," అన్నారు.

"కొత్త కదండీ."

ఇంతలో వంటింట్లోంచి అత్తయ్యగారి గొంతు. "ఒరే అబ్బాయ్, నీ సంచీ మెట్ల దగ్గర పెట్టావు, చేపల కంపు దేవుడి గదిలోకి కొడుతోంది! ఇది బ్రాహ్మలిల్లో, చేపల రేవో తెలీకుండా ఉంది."

త్రినాథ్ మొహం మెట్లకింద దాచుకోవాలన్నట్టు పరిగెత్తాడు. మావయ్యగారు పెన్ను మూత పెట్టేశారు.

"మంగళవారం సాయంత్రం చూద్దాం," అన్నారు. అంతే.

మర్నాడు పొద్దున్న నన్ను పిలిచారు. "అమ్మాయ్, పాకుండలు చేసి మూడున్నరకల్లా నూతి గట్టు మీద ఒక పళ్ళెంలో పెట్టించు. రోజూ."

"ఏ దేవుడికండీ?"

"ఎవరు వస్తే వాళ్ళకి."

మారు మాట్లాడడం నాకు అలవాటు లేదు. తడి పిండి కొట్టి, బెల్లం పాకం పట్టి, వేడివేడిగా ఇరవై పాకుండలు పెట్టాను. వెనక్కి తిరిగి చూస్తే మావయ్యగారు కనబడలేదు. పుల్లల కొట్టులోంచి, "అమ్మాయ్, ఇటు చూడకు. నీ మానాన నువ్వు వెళ్ళు," అని గొంతు వినబడింది. డెబ్భై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో, గోనెపట్టా కప్పుకుని కొబ్బరి మట్టల మధ్య కూర్చున్నారు. చేతిలో చిన్న హ్యాండీక్యామ్. కాఫీ కిటికీలోంచి అందించాను. "ష్!" అని గ్లాసు లాక్కున్నారు.

ఆదివారం ఏకాదశి. నాకు ప్రాణం ఒప్పలేదు. "ఉపవాసం నాడు బియ్యప్పిండి వంటా మావయ్యగారూ?" అని అడిగేశాను.

"ఉపవాసం మనకమ్మా. వాడికి కాదు," అన్నారు. అప్పటికిగానీ ఆ పళ్ళెం ఎవరికో నాకు తట్టలేదు. గోవిందా అనుకుంటూ పొయ్యి వెలిగించాను.

అలా శని, ఆది, సోమ, మూడు రోజులు. మంగళవారం మాత్రం, "ఇవాళ పళ్ళెం వద్దు," అని, తను మళ్ళీ కొట్టులోకి వెళ్ళారు.

ఆ సాయంత్రం అయిదున్నరకి అందరినీ హాల్లోకి రమ్మన్నారు. అత్తయ్యగారు జపమాల పట్టుకునే వచ్చారు. త్రినాథ్ కాగితం, పెన్నూ పట్టుకుని కింద కూర్చున్నాడు.

"ముందు నేను తీసింది చూడు," అని మావయ్యగారు టీవీ పెట్టారు.

బొమ్మ వచ్చింది. మా నూతి గట్టు, పళ్ళెం. కాసేపటికి త్రినాథ్ మేడ మెట్లు దిగి వచ్చాడు. మావయ్యగారు తన సినిమాల్లో వ్యాఖ్యానం చెప్పే గొంతుతో అందుకున్నారు.

"ఇది బొబ్బిలి ప్రాంతపు మగది. వయసు పాతికేళ్ళు. సాధారణంగా మేడ మీద నివసిస్తుంది. వాసన పట్టడంలో దిట్ట."

టీవీలో త్రినాథ్ అటు చూశాడు, ఇటు చూశాడు, ఒక పాకుండ నోట్లో వేసుకున్నాడు. నూతిలోకి తొంగి చూస్తున్నట్టు నటించాడు. ఇంకోటి వేసుకున్నాడు. ఇంకో రెండు చొక్కా జేబులో వేసుకుని, మిగిలినవాటిని గుండ్రంగా సర్ది, ఖాళీ కనబడకుండా చేసి వెళ్ళిపోయాడు.

"జాడలు చెరపడం కూడా తెలుసు," అన్నారు మావయ్యగారు.

అత్తయ్యగారు నవ్వాపుకోలేక జపమాల ఒళ్ళో పడేసుకున్నారు. "సర్దడం చూడవే అమ్మాయ్! పేరంటానికి సర్దినట్టు సర్దాడు!"

త్రినాథ్ చెవులు ఎర్రబడ్డాయి గానీ వాడూ నవ్వుతున్నాడు. "అక్కగారి చెయ్యి అలాంటిదండి, నా తప్పేం లేదు."

రెండో రోజు. ఈసారి అటూ ఇటూ చూడలేదు. తిన్నగా వచ్చి గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని తిన్నాడు.

"భయం తగ్గింది," అన్నారు మావయ్యగారు.

మూడో రోజు. గట్టు మీద పళ్ళెం లేదు. నేనింకా తేలేదు. త్రినాథ్ మాత్రం వచ్చేసి కూర్చున్నాడు. మెడ చాపి, రెప్ప వెయ్యకుండా వంటింటి గుమ్మంకేసి చూస్తున్నాడు.

మావయ్యగారు బొమ్మ అక్కడే ఆపారు.

త్రినాథ్ నవ్వు ఆగిపోయింది. చాలాసేపు ఆ బొమ్మకేసే చూశాడు.

"మాస్టారూ, నేను ఇవాళ కూడా వెళ్ళానండి గట్టు దగ్గరికి. పళ్ళెం లేకపోయినా."

"వెళ్ళావు."

"నేను చేపలేసిన నీటికుక్కలు కూడా ఇలాగే వస్తాయి కదండీ. రేపు ఏ పడవ వచ్చినా."

"వస్తాయి."

"వలలవాళ్ళ పడవైనా?"

వలలు చింపుతాయని నీటికుక్కల్ని తెడ్లతో కొట్టే రేవు మాది. మాలో తెలియనివాళ్ళు ఎవరూ లేరు.

మావయ్యగారు వంగి త్రినాథ్ ఒళ్ళోని కాగితం తీసుకుని బల్ల మీద పరిచారు. పెన్ను మూత తీశారు. "ఎక్కడన్నావురా సంతకం? చూపించు," అన్నారు, కోపం లేకుండా, ఎప్పుడూ మాట్లాడినట్టే.

త్రినాథ్ చూపించలేదు. కాగితం మీద అరచెయ్యి పెట్టాడు. తరవాత మెల్లిగా దాన్ని తన వైపుకి లాక్కుని నాలుగు మడతలు పెట్టాడు. ఎనిమిది నెలల బురద, ఢిల్లీ ఉద్యోగం, అన్నీ ఆ మడతల్లోకి పోయాయి. వాడి మొహం చూడలేక నేను కొంగు సర్దుకున్నాను.

"ఇంకొంచెం ఉంది," అన్నారు మావయ్యగారు, మళ్ళీ టీవీ నడిపిస్తూ.

మంగళవారం. పళ్ళెం లేదు. త్రినాథ్ వచ్చాడు, కాసేపు కూర్చున్నాడు, నిట్టూర్చి లేచాడు. అప్పుడు పెద్ద గాలి వచ్చింది. దండెం మీద ఆరేసిన అత్తయ్యగారి మడి చీర ఎగిరి అరటి పాదులో, బురదలో పడింది.

త్రినాథ్ గబుక్కున వెళ్ళి వంగి, ఠక్కున ఆగిపోయాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మడి కర్ర తెచ్చి దాని కొసతో చీరని లేపబోయాడు. జారిపోయింది. మళ్ళీ లేపాడు. సగం లేచి వాడి నెత్తిమీదికి రాబోతే, పాముని చూసినట్టు ఎగిరి వెనక్కి గెంతాడు. చివరికి ఎలాగో బకెట్లో వేసి, నూతిలో నీళ్ళు తోడి, కర్రతోనే ముంచి, కర్రతోనే లేపి, మూడు బకెట్ల నీళ్ళు మార్చాడు. ఆ పైన మునివేళ్ళ మీద నిలబడి, నాలుక కరుచుకుని, దాన్ని దండెం మీదికి ఎక్కించడానికి పడ్డ పాట్లు ఆ దేవుడికే తెలియాలి. పావుగంట పట్టింది. ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోలేదు.

ఎవరూ చూడలేదని చుట్టూ చూసుకుని, కర్ర ఎక్కడిదక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

హాల్లో అత్తయ్యగారే ముందు తేరుకున్నారు.

"పొద్దున్న ఆరేసిన చీర సాయంత్రానికి కూడా నీళ్ళోడుతోందేమిటా అని అమ్మాయిని కేకలేశాను!"

"ఆయ్, పిండడం కుదరలేదండి మామ్మగారూ. కర్రతో ఎలా పిండాలో తెలీలేదు," అన్నాడు త్రినాథ్, తల దించుకుని.

అత్తయ్యగారు ఇటు నవ్వూ అటు ఏడుపూ కాని మొహం పెట్టారు. "మడి ఉన్నట్టా, పోయినట్టా?" అని తనలో తనే కాసేపు తర్కించుకుని, "చేత్తో ముట్టుకోలేదుగా, ఉన్నట్టే," అని తీర్పు చెప్పారు.

మావయ్యగారు టీవీ కట్టేశారు. హ్యాండీక్యామ్ తుడిచి పెట్టెలో పెట్టుకుంటూ అన్నారు.

"ఎనిమిది నెలల్నించీ ఒకే ఇంట్లో ఉన్నాం. నిన్ను ఇవాళే చూశానురా."

మర్నాడు తెల్లవారకముందే త్రినాథ్ పడవేసుకుని వెళ్ళిపోయాడు. తొమ్మిదింటికి నా వంట అయిపోయింది. మా ఇంట్లో తొమ్మిదిన్నర దాటి భోజనాలు ఆగిన రోజు లేదు. ఆ రోజు వడ్డించమని మావయ్యగారు అనలేదు, అత్తయ్యగారూ అనలేదు. వీధి అరుగు మీద ముగ్గురం కూర్చున్నాం. పది దాటింది. పదకొండు కొట్టింది.

పదకొండున్నరకి వచ్చాడు, మోకాళ్ళదాకా బురదతో.

"వచ్చాయా?" అన్నారు మావయ్యగారు.

"టైము కాకపోయినా పడవ చప్పుడు వినగానే వచ్చేశాయండి, నాలుగూ. తెడ్డు పెట్టి నీళ్ళ మీద గట్టిగా కొట్టాను. అరిచాను. వెంటనే వెళ్ళలేదండి, నాకేసి చూశాయి. మళ్ళీ కొట్టాను. అప్పుడు పారిపోయాయి." మోకాళ్ళ మీది బురద గీక్కున్నాడు. "రేపు కూడా వెళ్ళి తరమాలండి. ఎన్నాళ్ళు పడుతుందో."

"తీశావా?"

"కెమెరా తీసుకెళ్ళలేదండి."

మావయ్యగారు లేచి లోపలికి నడిచారు. నేను నాలుగు ఆకులు వేశాను. త్రినాథ్ కాళ్ళు కడుక్కుని వచ్చేదాకా ఆగి, అందరం ఒక్కసారే కూర్చున్నాం.