తవుడమ్మ ముడి

అనగా అనగా కొండ కింద ఒక గెడ్డ, గెడ్డ ఒడ్డున మూడు పేటలు. ఎప్పటి మాట అంటే ఎవరూ చెప్పలేరు. గెడ్డని అడిగితే పారుతూ పోతుంది. కొండని అడిగితే ఊరుకుంటుంది. మన తాతల తాతలు చెప్పుకున్నారు కాబట్టి మనమూ చెప్పుకుంటున్నాం.

ఎగువపేట, నడుమపేట, దిగువపేట. మూడు పేటలకీ గెడ్డ ఒక్కటే. చాకిరేవు ఒక్కటే. బట్టలు ఉతికే మనిషీ ఒక్కతే. ఆమె పేరు తవుడమ్మ.

ఆ పేరెందుకు వచ్చిందంటే, ఆమె తల్లికి ముందు ముగ్గురు పుట్టారు. ముగ్గురూ పోయారు. నాలుగోది పుట్టగానే పక్కింటి అవ్వ మానెడు తవుడు పోసి పిల్లని కొనుక్కుంది. కొనుక్కుని, పెంచమని మళ్ళీ ఆ తల్లి చేతికే ఇచ్చింది. అలా చేస్తే చావు మోసపోతుందట. ఈ పిల్ల అమ్ముడుపోయింది, ఈ ఇంటిది కాదు అనుకుని గుమ్మం దాటి వెళ్ళిపోతుందట.

ముగ్గురు పోయాక మిగిలిన పిల్లకి భయం ఎక్కువ. పొయ్యి ఆర్పి మూడుసార్లు చూసేది. తలుపు వేసి మూడుసార్లు లాగేది. దారిలో ఎవరైనా దగ్గితే, మళ్ళీ దగ్గుతారేమోనని ఆగి వినేది. జనం నవ్వేవారు. తవుడమ్మ నవ్వేది కాదు.

పొద్దున్నే మూడు పేటలూ తిరిగి మూటలు తెచ్చుకునేది. ఉతికేది, పిండేది, ఆరేసేది. సాయంత్రం మూటలు ఇచ్చి, ఇంటింటా పెట్టిన కూడు కుండలో వేయించుకుని ఇంటికి పోయేది. రోజూ అంతే.

బట్ట అబద్ధం ఆడదు. చెమట ఉప్పు కట్టిన పంచె చూస్తే ఆ ఇంట్లో జ్వరం ఉందని తవుడమ్మకి తెలిసిపోయేది. దిండుగుడ్డ చూస్తే ఎవరు ఏడుస్తున్నారో తెలిసేది. చీర చూస్తే ఎవరు నీళ్ళోసుకున్నారో, మొగుడి కంటే ముందే తెలిసేది. అన్నీ తెలిసేవి. ఒక్కటీ చెప్పేది కాదు. ఎందుకంటే ఆమె అత్త పని నేర్పిన రోజునే చెప్పింది.

"ఒలే తవుడీ, మూట ఇప్పిన సెయ్యి నోరు ఇప్పకూడదు. మనం ఉతికేది మురికి. పంచేది కాదు."

తవుడమ్మ ఆ మాట దాటలేదు.

దిగువపేట చివర కోటయ్య తాత ఒక్కడే ఉండేవాడు. చాపలు అల్లుకునేవాడు. ఆయనకి ఉన్నవి రెండు పంచెలు. ఒకరోజు పంచె ఉప్పు కట్టి వచ్చింది. తవుడమ్మ ఉతికింది, పిండింది, ఆరేసింది. నోరు విప్పలేదు. మూడు రోజులకి రెండో పంచె పచ్చగా, తడిగా వచ్చింది. ఉతికింది, పిండింది, ఆరేసింది. నోరు విప్పలేదు. మూడోసారి గుమ్మంలో పంచె లేదు. రేపు ఇస్తాడులే అనుకుంది.

మర్నాడు తలుపు తోస్తే తాత లేడు. చాప మీద తాత ఒళ్ళు మాత్రం ఉంది.

మూడు పేటలూ వచ్చాయి. ఎగువపేట నాటువైద్యుడు, గురువులు అని పేరు, "నాకెవరు సెప్పారు?" అన్నాడు. దిగువపేట మంత్రసాని అసిరమ్మ, "నన్నెవరు పిలిచారు?" అంది. నడుమపేటలో పెద్ద కమతం ఉన్న అప్పయ్యమ్మ, "మా ఇంట్లో అంబలి కుండ దించింది లేదు. ఎవరడిగారు?" అంది.

తవుడమ్మ ఆ రెండు పంచెలూ చాకిరేవుకి తీసుకుపోయి ఉతికింది. తెల్లగా వచ్చాయి. మళ్ళీ ఉతికింది. ఇంకా తెల్లగా వచ్చాయి. మూడోసారి ఉతుకుతూ బండ మీద కూలబడి ఏడ్చింది.

ఆ వారం ఆమె ముగ్గురి దగ్గరికీ వెళ్ళింది.

"గురువులు బాబూ, కదల్లేనోళ్ళని ఇంటికెళ్ళి సూడండి."

"నాడి నా కాడికి రావాల గాని, నేను నాడి కాడికి ఎల్తానేటి? అది నా పని కాదు."

"అసిరప్పా, నా అక్కలాటిదానివి, ముసిలోళ్ళకి నీ సెయ్యి సాయం కావాల. ఒళ్ళు తిప్పడం, నీళ్ళు పొయ్యడం నీకు తెలిసినట్టు ఎవుల్కి తెలుసు?"

"పురుడొస్తే పిలు, పరిగెత్తుకొస్తాను. ముసిలోళ్ళకి పురుడేటే? అది నా పని కాదు."

"అప్పయ్యమ్మ తల్లీ, మంచం మీదున్నోళ్ళకి రోంత అంబలి పంపండమ్మా."

"గిన్నె పట్టుకుని రమ్మను, పోస్తాను."

"రాలేనోళ్ళమ్మా."

"రాలేనోళ్ళకి ఆకలెలగేస్తుందే? మానెడు తవుడుకి అమ్ముడుపోయిందానివి, నువ్వా నాకు సెప్పేది? అది నా పని కాదు."

మూడు పేటలు, మూడు గుమ్మాలు, ఒకే జవాబు.

తవుడమ్మ ఇంటికొచ్చి ఆలోచించింది. నోరు విప్పకూడదు. ఊరుకోనూ కూడదు. అప్పుడామె చేతిలో తడి తువ్వాలు ఉంది. దాని కొసన ముడి వేసింది.

మర్నాడు ముగ్గురికీ మళ్ళీ చెప్పింది. "నేను ఏ ఇంటి మాటా నోటితో సెప్పను. జబ్బున్న ఇంటి ముంగిట దండెం మీద ఒక బట్ట ఆరేస్తాను. కొసన ఒక ముడుంటే మందు కావాల. రెండుంటే సెయ్యి సాయం కావాల. మూడుంటే కూడు కావాల, పక్కన మనిషీ కావాల."

ముగ్గురూ నవ్వారు. కానీ కాదనడం ఒకటి, దాటిపోవడం ఒకటి. గురువులు పొలానికి పోతూ ఒక గుమ్మం ముందు ముడి చూశాడు. చూడనట్టు నాలుగడుగులు వేశాడు. లోపల ఎవరో మూలుగుతున్నారు. అయిదో అడుగు పడలేదు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళాడు. అసిరమ్మ రెండు ముడులు చూసి, "సచ్చింది గొర్రె!" అని తిట్టుకుంటూ వెళ్ళి ఒక ముసలమ్మకి నీళ్ళు పోసి వచ్చింది. మూడో ముడికి మాత్రం ఎవరూ కదల్లేదు. తవుడమ్మే తన కుండలో కూడు తీసి ఆ ఇళ్ళలో పెట్టి, తాను గంజి తాగి పడుకునేది.

ఇలా ఉండగా అప్పయ్యమ్మ కోడలు సూరీడమ్మకి పురుడొచ్చింది. మంత్రసానిని పిలవకుండా అప్పయ్యమ్మే పురుడు పోసింది. ఆడపిల్ల. నాలుగో రోజు మూట వచ్చింది. తవుడమ్మ విప్పింది. బట్ట చూసింది. వాసన చూసింది. మూడుసార్లు చూసింది. మూడుసార్లూ బట్ట అదే చెప్పింది. ఆ బాలింత ప్రాణం నిలబడాలంటే ఎవరో ఒకరు రావాలి, ఇప్పుడే రావాలి.

గబగబా వెళ్ళి అప్పయ్యమ్మ ముంగిట బట్ట ఆరేసింది. ముడులు వేసింది.

అప్పయ్యమ్మ బయటికొచ్చి చూసింది. ముఖం కందగడ్డ అయిపోయింది.

"ఒలే! నా ఇంటి గుట్టు నా గుమ్మానికే కడతావా? నా కోడలికి ఏటైంది? నిన్నెవరే అడిగేరు?"

ముడులు విప్పి పారేసింది. బట్టలన్నీ వీధిలో విసిరేసింది. "నడుమపేటలో దీనికి ఎవులైనా గుడ్డ ఏసేరంటే నాతో మాటల్లేవు!" అని అరిచింది.

తవుడమ్మ ఒక్కొక్క బట్టా ఏరుకుంది. చాకిరేవుకి పోయి బండ మీద కూర్చుంది. ముందు కోపం వచ్చింది. తర్వాత దుఃఖం వచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి వచ్చింది, అది నిజం. ఆమె తనలో తాను అనుకుంది. 'మూట వాళ్ళది. గుట్టు వాళ్ళది. నేను అడక్కుండా వీధిలో ఆరేశాను. మంచికే చేశాను. అయినా అడగలేదు.'

అడగలేదన్న మాట ఆమెని ముల్లులా గుచ్చింది. లేచి అప్పయ్యమ్మ గుమ్మానికి వెళ్ళింది. ఈసారి చేతిలో మూట లేదు. ఉతికిన తుండుగుడ్డ ఒక్కటే ఉంది, ముడి లేకుండా.

"తల్లీ, తప్పు నాది. గుట్టు మీది. ఇంకెప్పుడూ నేను ముడెయ్యను. ఎయ్యాలనుకుంటే మీ సేత్తో మీరే ఎయ్యండి."

మొదటిరోజు తలుపు తెరుచుకోలేదు. రెండోరోజు తెరుచుకుంది, కుడితి నీళ్ళు ఆమె మీద పడ్డాయి, మళ్ళీ మూసుకుంది. మూడోరోజు లోపల పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఏడ్చి ఏడ్చి ఆగింది. మళ్ళీ ఏడ్చింది. ఎత్తుకున్నవాళ్ళు లేరు.

తలుపు తెరుచుకుంది. అప్పయ్యమ్మ తల రేగిపోయి ఉంది. మూడు రోజులుగా కోడలి పక్కనే ఉంది. ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

"తవుడీ... నోట మాట లేదే దానికి. అసిరితో నాకు పదేళ్ళుగా మాటల్లేవు. దాన్నెలా పిలవమంటావు? గురువులు ఆడకూతురి గదిలోకి వస్తే ఊరేమంటుంది?"

తవుడమ్మ తుండుగుడ్డ ఇచ్చింది.

"ఎన్ని ముడులే?"

"మీకు తెల్దా అమ్మా?"

అప్పయ్యమ్మ ఒక ముడి వేసింది. రెండో ముడి వేసింది. మూడో ముడి దగ్గర ఆగిపోయింది. ఊరంతటికీ అంబలి పోసే మనిషి తన ఇంటికి కూడు అడగాలి. కళ్ళు మూసుకుని ఆ ముడీ వేసింది. వెళ్ళి దండెం మీద ఆరేసింది.

గురువులు ఎగువ నుంచి వచ్చాడు. అసిరమ్మ దిగువ నుంచి వచ్చింది. ఇద్దరూ ఒకే గుమ్మంలో ఎదురుపడ్డారు. అంతే!

"జ్వరానికి లంఖణం. మూడ్రోజులు ఏటీ పెట్టకండి" అన్నాడు గురువులు.

"బాలింతకి లంఖణమేటి? నాడి సూసినోడివి, ఒళ్ళు సూసేవా?" అంది అసిరమ్మ.

"నువ్వు ఏరు సూసేవా, ఆకు సూసేవా?"

"నువ్వు పురుడు సూసేవా?"

తవుడమ్మ ఆ గదిలోని పెద్ద దుప్పటి అప్పుడే నీళ్ళలో జాడించి తెచ్చింది. ఒక కొస గురువులు చేతిలో పెట్టింది. ఒక కొస అసిరమ్మ చేతిలో పెట్టింది.

"నా ఒక్కదానికి బరువు. పిండండి."

ఇద్దరూ బిత్తరపోయి పట్టుకున్నారు. ఇద్దరూ ఒకే వైపు తిప్పారు. దుప్పటి గిర్రున తిరిగింది. చుక్క నీరు దిగలేదు.

"అలాక్కాదు. ఆయన అటు తిప్పాల, నువ్వు ఇటు తిప్పాల. ఎదురెదురుగా తిప్పండి. ఒదిలిపెట్టకండి, అంతే" అంది తవుడమ్మ.

అటు తిప్పారు, ఇటు తిప్పారు. నీళ్ళు జారాయి. దుప్పటి తేలికైంది. గురువులు కొస వదలకుండానే అడిగాడు.

"అసిరీ, నువ్వేటి సూసేవో సెప్పు."

అసిరమ్మ తాను చూసింది చెప్పింది. అతను మధ్యలో మాట్లాడకుండా విన్నాడు. ఆమె అడిగింది.

"నీ మందు కాలీ కడుపు మీద పడితే ఏటవుతాది?"

గురువులు తల గోక్కున్నాడు. "మండుతాది" అని ఒప్పుకున్నాడు.

ముందు పలచటి అంబలి, తర్వాత మందు, పూటపూటకీ వేడినీళ్ళు అని తేల్చుకున్నారు. అంబలి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? దిగువపేట నుంచి. అప్పయ్యమ్మ ఏనాడూ గుమ్మం తొక్కని ఇళ్ళ నుంచి. ఒకామె కుండ పట్టుకొచ్చింది. ఒకామె పసిపిల్లని ఎత్తుకుంది. ఒకామె అప్పయ్యమ్మ చేయి పట్టుకుని, "ఒక కునుకు తియ్యమ్మా, నేనున్నాను" అంది.

మొదటిరోజు సూరీడమ్మ కళ్ళు తెరిచింది. రెండోరోజు నీళ్ళడిగింది. మూడోరోజు, "ఈ అంబల్లో ఉల్లిపాయేదీ?" అని విసుక్కుంది. అప్పయ్యమ్మ నవ్వలేక, ఏడవలేక ఉల్లిపాయ తరగడానికి వెళ్ళింది.

ముడులు విప్పాలి కదా! మొదటి ముడి గురువులు విప్పాడు. రెండోది అసిరమ్మ విప్పింది. మూడోది దిగువపేట ఆడవాళ్ళు విప్పారు. ఆ రోజు నుంచి ఏ పేటలో మూడో ముడి కనిపించినా ముందు బయలుదేరేది అప్పయ్యమ్మ ఇంటి అంబలి కుండే. "అది నా పని కాదు" అన్న మాట మూడు పేటల్లోనూ సిగ్గుమాలిన మాట అయిపోయింది.

ఏళ్ళు గడిచాయి. తవుడమ్మ ముసలిదైంది. అయినా మూటలు తెచ్చుకునేది. బట్ట ఏదైనా చెప్తే, ఆ ఇంటికి వెళ్ళి మెల్లగా అడిగేది. "ముడేస్తారా?" వద్దంటే వచ్చేసేది. మర్నాడు మళ్ళీ అడిగేది.

మరి ఉతికేదాని బట్ట ఎవరు చూస్తారు?

ఒకరోజు సూరీడమ్మ గెడ్డకి నీళ్ళకి వచ్చింది. చాకిరేవు మీద బట్టలు లేవు. తవుడమ్మ దండెం ఖాళీగా ఉంది. రేపు ఆరేస్తుందిలే అనుకోబోయింది. అనుకోలేదు. బిందె అక్కడే పెట్టి పరిగెత్తింది.

తవుడమ్మ మంచం మీద ఉంది. ఒళ్ళు కాలిపోతోంది.

"తవుడప్పా! ఒక్క ముడైనా ఎయ్యలేకపోయేవా?"

"అందరికీ పనులున్నాయి కదమ్మా" అంది తవుడమ్మ.

సూరీడమ్మకి కోపం వచ్చింది. అయినా చేయి చాపి బట్ట తీయలేదు. ముందు అడిగింది. "ముడెయ్యమంటావా, అప్పా?"

తవుడమ్మ తలకింద తుండుగుడ్డ తీసి ఇచ్చింది. "ఎయ్యి" అంది.

సూరీడమ్మ మూడు ముడులు వేసి ఆరేసింది. మూడు పేటలూ వచ్చాయి. మందు వచ్చింది, చేయి సాయం వచ్చింది, కూడు వచ్చింది. కానీ వయసు వచ్చాక వచ్చే జబ్బుకి మందు లేదు. నాలుగో రోజు పొద్దున్న, ఎండ గుమ్మంలోకి వచ్చే వేళకి, తవుడమ్మ వెళ్ళిపోయింది. అప్పుడామె చేయి పట్టుకున్నది అసిరమ్మ అని కొందరంటారు, సూరీడమ్మ అని కొందరంటారు. ఎవరన్నది కథలో లేదు. ఎవరో పట్టుకున్నారన్నది మాత్రం ఉంది. ముగ్గురు పోయాక మిగిలిన పిల్ల ఒంటరిగా పోలేదు.

ఇప్పటికీ ఆ గెడ్డ ఒడ్డున ఎవరింట్లోనైనా మంచం పట్టిన మనిషి ఉంటే, దండెం మీద ముడి వేసిన బట్ట ఉంటుంది. ఆ ముడి ఇంటివాళ్ళే వేయాలి. పైవాళ్ళు వేయకూడదు, అడగవచ్చు. ముడి చూసినవాళ్ళు దాటిపోకూడదు. జబ్బు తగ్గాక ఇంటివాళ్ళు విప్పకూడదు, వచ్చి సాయం చేసినవాళ్ళే విప్పాలి. అందుకే అక్కడివాళ్ళు అంటారు, "ముడి ఇంటిది, విప్పు ఊరిది" అని.

కొత్త కోడలు కాపురానికి వస్తే చాకిరేవు బండ మీద గుప్పెడు తవుడు చల్లి దణ్ణం పెట్టుకుంటుంది. పక్కింటి దండెం రెండు రోజులు ఖాళీగా ఉంటే, పిల్లలైనా సరే వెళ్ళి తలుపు కొడతారు.

కథ గెడ్డకి, ముడి గుమ్మానికి. మనం పక్కింటి దండెం ఒకసారి చూసి, ఇంటికి.