పతుర అంటే ఏమిటి?

సాలూరులో గుంపస్వామి అనే రిటైరైన పోస్టుమాస్టరు ఉండేవాడు. ఆయనకు వేలకొద్దీ మాటలు వచ్చు గాని, 'నాకు తెలియదు' అనే రెండు మాటలకు మాత్రం నోరు తిరిగేది కాదు.

ఇది చేతుల్లోకి ఫోన్లు రాకముందు సంగతి. ఊళ్లో లారీలకు బాడీలు కట్టే షెడ్ల వరసలో పైడమ్మ టీ దుకాణం ఉండేది. రోజూ ఉదయం ఏడింటికి గుంపస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకుని అక్కడికి వచ్చేవాడు. బల్ల మీద ఆ రోజు పేపరు మడత విప్పకుండా ఆయన కోసం ఎదురుచూస్తూ ఉండేది. గళ్ల నుడికట్టు ఉన్న పేజీ తీసి, జేబులోంచి పెన్ను తీసి, "ఏదీ, ఇవాళేం అడిగారో చూద్దాం" అనేవాడు. పెన్సిలు కాదు, పెన్నే. ఒక్క కొట్టివేత ఉండేది కాదు. పైడమ్మ ఇచ్చిన టీ చల్లారేలోపు అడ్డం గళ్లూ, నిలువు గళ్లూ నిండిపోయేవి. అప్పుడు ఒక్కొక్క మాటకూ అర్థం విడమరిచి చెప్పేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు తెరుచుకుని వినేవారు.

ఆఖరి మాటకు అర్థం చెప్పడం అయ్యాక పోలిరాజు లేచేవాడు. పోలిరాజు ముప్ఫై ఏళ్లు ఘాట్ రోడ్డు మీద లారీ తోలి మానుకున్న డ్రైవరు. తన మొదటి లారీకి ఉండిన ఇత్తడి హారనును, రబ్బరు బంతి నొక్కితే మోగేదాన్ని, దుకాణం గుంజకు తగిలించి ఉంచాడు. దాన్ని రెండుసార్లు నొక్కేవాడు. బోం, బోం. ఆ మోత వినగానే షెడ్లలో వడ్రంగులు, "మాస్టారి గళ్లు అయిపోనాయి, ఏడుంబావు" అని సుత్తులు అందుకునేవారు.

మధ్యలో ఎవరైనా నోరు విప్పితే మాత్రం ఆయనకు గిట్టేది కాదు.

"అది కడసీల కాదేటి మాస్టారూ? సక్రం ఊడిపోకండా ఇరుసుకి గుచ్చుతామే" అన్నాడు ఒకరోజు ఓ ఆధారం వినగానే ఒక వడ్రంగి.

"నాకు తెలియదనుకున్నావా? నువ్వు టీ తాగు" అన్నాడు గుంపస్వామి.

వడ్రంగి టీ తాగాడు. ఆ తర్వాత ఆ బల్ల దగ్గర ఎవరూ నోరు విప్పలేదు.

ఇక అసలు సంగతి చెప్పుకోవాలి. సాలూరుకు పేపర్ల కట్ట మొదటి బస్సులో నాలుగున్నరకు వచ్చేది. పేపరు ఏజెంటు తవిటినాయుడు కట్ట విప్పగానే మొదటి పేపరు తీసుకెళ్లి గుంపస్వామి గుమ్మంలో పడేసేవాడు. గుంపస్వామి లైటు వేసుకుని, రెండు నిఘంటువులు, ఒక పంచాంగం, ఒక పాత పటాల పుస్తకం ముందేసుకుని కూర్చునేవాడు. పెన్సిలు కొరికేవాడు. రాసేవాడు, చెరిపేవాడు. ఒక్కో మాటకు అరగంట పట్టిన రోజులున్నాయి. రెండు గంటలు కుస్తీ పట్టి గళ్లన్నీ నింపాక, పరీక్షకు వెళ్లే కుర్రాడిలా అన్నీ బట్టీ వేసేవాడు. ఆ పేపరు ట్రంకుపెట్టె అడుగున దాచేవాడు. తర్వాతే స్నానం, ఇస్త్రీ చొక్కా, పైడమ్మ దుకాణం.

"ఈ చదువేదో వయసులో చదివుంటే కలెక్టరు అయ్యుండేవారు" అనేది ఆయన భార్య వరాలమ్మ, దుప్పటి ముసుగులోంచే.

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్నారు. గుంపస్వామి మూడేళ్లు దొరగానే బతికాడు.

అలా ఉండగా ఊరి గ్రంథాలయానికి శశికళ అనే కొత్త గ్రంథపాలకురాలు వచ్చింది. ఈయన పేరు ఆమె చెవిన పడింది. గ్రంథాలయ వారోత్సవాలు దగ్గరపడుతుంటే ఇంటికి వచ్చి అడిగింది.

"మాస్టారూ, వారోత్సవాల్లో ఒక రోజు మీరు పిల్లల కోసం రావాలి. ఆ రోజు పేపరు తెచ్చి, నల్లబల్ల మీద గళ్లు గీస్తాను. మీరు అందరి ముందూ నింపి, అర్థాలు చెప్పాలి. మీకు శాలువా కప్పి 'పదచక్రవర్తి' అని బిరుదు ఇద్దామనుకుంటున్నాం."

గుంపస్వామి గుండె బూరెలా పొంగింది. "దానికేముందమ్మా, టీ చల్లారేలోపు పని" అన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. నాలుగున్నర అయింది, పేపరు రాలేదు. అయిదున్నర అయింది. ఆరున్నరకు తవిటినాయుడు వానలో తడుస్తూ సైకిలు మీద వచ్చాడు.

"బస్సు రామభద్రపురం దాటినాక ఆగిపోనాదంట మాస్టారూ. పేపర్లు తొమ్మిదికి గాని రావు. మీకేటి భయం, నేరుగా సభకే తెచ్చీస్తాను" అని వెళ్లిపోయాడు.

గుంపస్వామి కుర్చీలో కూలబడి నుదురు ముట్టుకుని చూసుకున్నాడు. వరాలమ్మను పిలిచి, "జ్వరం ఉన్నట్టుంది, చూడు" అన్నాడు.

ఆమె చెయ్యి పెట్టి చూసి, "ఒళ్లు చల్లగానే ఉంది. మీది శాలువా జ్వరం. లేచి స్నానం చెయ్యండి" అంది.

తొమ్మిదింటికి గ్రంథాలయం హాలు నిండిపోయింది. ముందు వరసల్లో నలభై మంది పిల్లలు నోటుపుస్తకాలు విప్పుకుని కూర్చున్నారు. వెనక పైడమ్మ, పోలిరాజు, షెడ్ల వడ్రంగులు. పోలిరాజు ఇత్తడి హారను కూడా తెచ్చుకున్నాడు. వేదిక మీద బల్ల పైన మడత పెట్టిన శాలువా, జరీ అంచుతో మెరుస్తోంది. తవిటినాయుడు పేపరు తెచ్చి ఇచ్చాడు. శశికళ నల్లబల్ల మీద గళ్లు గీసి, ఆధారాలు ఒక్కొక్కటే చదవసాగింది.

మొదటి అయిదూ తేలికగానే పడ్డాయి. ఎంతైనా మూడేళ్ల సాధన ఊరికే పోదు. గుంపస్వామికి కాస్త ఊపిరి ఆడింది.

"ఎనిమిది అడ్డం" అని చదివింది శశికళ. "పొయ్యి మీది గిన్నె దించేది, ఎంత నల్లబడినా ఇల్లాలు వదలనిది. నాలుగు అక్షరాలు."

"పట్టకారు" అంటూ రాసేశాడు గుంపస్వామి.

వెనక వరసలో పైడమ్మ లేవబోయింది. ఆయన ఒక్క చూపు చూశాడు. ఆమె కూర్చుంది.

"ఎనిమిది నిలువు. ఘాట్ రోడ్డులో హారను కొట్టాల్సిన చోటు. మూడు అక్షరాలు. పట్టకారు మొదటి అక్షరమే దీనికీ మొదలు కాబట్టి, 'ప'తో మొదలవ్వాలి."

గుంపస్వామి ఆలోచించాడు. 'ప'తో ఏమీ తోచలేదు. ఇంకా ఆలోచించాడు. చెమట కాలరులోకి కారింది. శాలువా మెరుస్తూనే ఉంది. పేపరు వాళ్లు జవాబులు వేసేది రేపు కదా, రేపటికి ఎవరికి గుర్తుంటుంది అనిపించింది. సుద్దముక్క గట్టిగా పట్టుకుని మూడు గళ్లలో 'పతుర' అని రాశాడు.

"పతుర అంటే ఏమిటి మాస్టారూ?" అంది శశికళ.

"ప్రాచీన గ్రంథాల్లో కొండదారిని పతుర అనేవారు. ఇది మామూలు నిఘంటువుల్లో దొరకదు" అన్నాడు గుంపస్వామి, గంభీరంగా.

హాలంతా చప్పట్లు. పోలిరాజు ఒక్కడే బుర్ర గోక్కుంటూ, "ముప్ఫై ఏళ్లు ఆ దారంట తిరిగినాను గాని, పతుర ఎక్కడా తగల్లేదే" అని గొణుక్కున్నాడు.

గుంపస్వామి వెనక్కి తిరిగి చూశాడు. నలభై తలలు వంగి ఉన్నాయి. నలభై పెన్నులు పతుర అని రాస్తున్నాయి. ముందు వరసలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. పేరు సత్యవేణి.

"మాస్టారూ, సొంతవాక్యం రాశాను. బాగుందో లేదో చెప్తారా?" అని లేచి చదివింది. "మా నాన్న లారీ పొద్దున్నే పతుర ఎక్కింది."

ఆ పిల్ల ముఖం కొత్త మాట దొరికిన ఆనందంతో వెలిగిపోతోంది. గుంపస్వామికి గుండెలో ముల్లు దిగినట్టయింది. ముప్ఫై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆయన చేతి మీదుగా ఒక్క ఉత్తరం తప్పు ఇంటికి వెళ్లలేదు. ఒకసారి చిరునామా సగం చెరిగిపోయిన కార్డు ఒకటి వస్తే, పోస్టుమాను సెలవులో ఉన్నాడని తనే వానలో ఆరు మైళ్లు నడిచి ఇచ్చి వచ్చాడు. అలాంటివాడు ఇవాళ లేని ఊరికి నలభై ఉత్తరాలు పంపుతున్నాడు. సాయంత్రానికి అవి నలభై ఇళ్లకు చేరతాయి. శాలువా వంక చూశాడు. పిల్ల వంక చూశాడు. తర్వాత డస్టరు తీసుకుని ఆ మాట తుడిచేశాడు.

"అందరూ పతుర కొట్టేయండమ్మా" అన్నాడు. "అలాంటి మాట లేదు. నేను కల్పించాను. ఎనిమిది నిలువు... నాకు తెలియదు."

మూడేళ్లుగా నోరు తిరగని మాట వచ్చేసింది. ఒకటి వచ్చాక మిగతావి ఆగలేదు. నాలుగున్నరకే పేపరు తెప్పించుకోవడం, రెండు నిఘంటువులు, బట్టీ వేయడం, ట్రంకుపెట్టె, అన్నీ చెప్పేశాడు. చెప్పి, ఇక నవ్వుతారని తల వంచుకుని నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

"అమ్మయ్య" అంది పైడమ్మ వెనక నుంచి. "ఇప్పుడైనా మాటాడొచ్చా మాస్టారూ?"

"మాట్లాడమ్మా" అన్నాడు గుంపస్వామి.

"పట్టకారు నల్లబడితే తోముకుంటాం బాబూ. అది మసిగుడ్డ" అంటూ భుజం మీది గుడ్డ తీసి పిల్లలకు చూపించింది. "గిన్నె దించితే సెయ్యి కాలకండా ఉంటాది. ఇదిగో, ఎంత నల్లగున్నా పారీలేదు సూడండి."

గుంపస్వామి ఆ గుడ్డను తేరిపార చూశాడు. మూడేళ్లుగా రోజూ తన టీగిన్నెను దించుతున్న గుడ్డే అది. ఒక్కనాడూ ఆయన కంట పడలేదు. ఆయనకు నవ్వొచ్చింది. పట్టకారు తుడిచి మసిగుడ్డ అని రాశాడు.

"అయితే ఎనిమిది నిలువు 'మ'తోటి మొదలా?" పోలిరాజు దిగ్గున లేచాడు. "ముందే సెప్పరేటి మాస్టారూ. ఘాట్లో హారను ఎక్కడ కొడతాం? మలుపు కాడ. నలభై మలుపుల్లోనూ కొట్టినాను. కొట్టకపోతే ఎదర బండి ఉందో లేదో తెల్దు కదా."

మలుపు గళ్లలో సరిగ్గా కూర్చుంది. ఇక హాలు ఆగలేదు. ఒక ఆధారానికి వడ్రంగులు ముగ్గురు ఒకేసారి జవాబు చెప్పారు. ఒకదానికి సత్యవేణి చెప్పింది. ఎవరికీ అందని పాతకాలపు మాటలు రెండు గుంపస్వామే చెప్పి, వాటి అర్థం పిల్లలకు తెలిసేట్టు విప్పి చెప్పాడు. ఆ రెండింటికీ పడ్డ చప్పట్లు ఆయనకు మునుపెన్నడూ లేనంత తియ్యగా వినిపించాయి, ఎందుకంటే అవి ఆ క్షణాన ఆయన బుర్రలోంచి వచ్చినవి. అందరికీ తెప్పించిన టీలు మూడుసార్లు చల్లారాయి. ఒక్కరూ పట్టించుకోలేదు. ఆఖరి గడి నిండగానే పోలిరాజు హారను నొక్కాడు. ఈసారి పిల్లలంతా వంతులేసుకుని నొక్కారు.

శశికళ నవ్వుతూ శాలువా చేతిలోకి తీసుకుంది. "ఇప్పుడిది ఎవరికి కప్పమంటారు?"

గుంపస్వామి దాన్ని తీసుకుని పైడమ్మ దగ్గరికి వెళ్లాడు.

"నాకెందుకు బాబూ? జరీ గుడ్డతో గిన్నె దించితే సెయ్యి కాల్తాది" అంది పైడమ్మ, వెనక్కి జరుగుతూ.

సభ అయ్యాక ముగ్గురూ కలిసి తిరిగి వస్తుంటే, దారిలో గుంపస్వామి ఉండబట్టలేక అడిగాడు. "నేను అంత మోసం చేశానని చెప్పినా మీరెవరూ నవ్వలేదేం?"

పోలిరాజు, పైడమ్మ ముఖముఖాలు చూసుకున్నారు.

"మాకు ముందే తెలుసు కదేటి" అంది పైడమ్మ. "నాలుగున్నరకి మీ ఇంట్లో లైటు ఎలుగుతాది. తవిటినాయుడు నోట్లో నువ్వుగింజ నానదు. ఊరంతటికీ తెలుసు, ఆ కొత్తమ్మకి తప్ప."

"మరి ఒక్కరోజైనా అడగలేదేం?"

"అడిగితే మీరు రావడం మానీసీవోరు" అన్నాడు పోలిరాజు. "మీరు సెప్పిన అర్థాలు అబద్ధం కాదు కదా మాస్టారూ, అవి బాగుండీవి. మాకు తెలిసిన ముక్క కూడా ఎప్పుడు సెప్పనిస్తారా అని సూస్తన్నాం."

గుంపస్వామి కళ్లు తుడుచుకుని నవ్వేశాడు.

మర్నాడు తవిటినాయుడిని గుమ్మం ముందు ఆగొద్దన్నాడు. ఏడింటికి పెన్సిలు, రబ్బరు పట్టుకుని పైడమ్మ దుకాణానికి వెళ్లి, నిజంగానే మొదటిసారి పేపరు విప్పాడు. ఎవరూ కప్పుకోని శాలువాను దుకాణంలో కూర్చునే బల్ల మీద పరిచారు. గళ్లు నింపేవాళ్లందరూ దాని మీదే కూర్చున్నారు. పోలిరాజు హారను ఎనిమిదిన్నరకు గాని మోగలేదు. అదే ఏడుంబావు అనుకుని వడ్రంగులు అప్పుడు సుత్తులు అందుకున్నారు. షెడ్డు యజమాని తిట్టడానికి వచ్చాడు, వచ్చినవాడు పన్నెండు అడ్డం దగ్గర ఆగి కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి గుంపస్వామి రోజుకు అయిదారుసార్లు నాకు తెలియదు అనేవాడు, అన్న ప్రతిసారీ ఒక కొత్త మాట ఇంటికి తీసుకెళ్లేవాడు. అందుకే పిల్లలూ, అన్నీ తెలుసన్నవాడికి ఎవరూ ఏదీ చెప్పరు. తెలియదని ఒప్పుకున్నవాడికి ఊరంతా గురువులే.