గాలి లేని పూట చూసిన బడి

చెప్పండి, ఏం చూశారు? మీ పిల్లను చేర్చబోయే చోటికి వెళ్ళి తిరిగి చూసి వచ్చారు కదా, ఏం చూశారో చెప్పండి. పచ్చగా ఉందా? నీడ ఉందా? పిల్లలు నవ్వుతున్నారా? పెద్దాయన మర్యాదగా మాట్లాడాడా? సరే. గోరింక పోలమ్మ కూడా అవన్నీ చూసింది. ముందు ఆమె సంగతి వినండి. తర్వాత మాట్లాడుకుందాం.

పోలమ్మ కాపురం కొండల నడుమ ఒక పల్లంలో, గేదెల సావిడి పక్కన చింతచెట్టు మీద. వానలున్నన్నాళ్ళు అక్కడ పురుగుకీ పండుకీ లోటు లేదు. ఎండలు ముదిరితే మాత్రం నేల నెర్రెలిచ్చి, ఆకు రాలి, తినడానికి ఏమీ మిగలదు. అప్పుడు రెక్క ఉన్న ప్రాణి ఏదైనా కొండ దాటి అవతలి లోయకు పోవాల్సిందే. అక్కడ ఊటలు ఎండవు, మేడిచెట్లు ఏడాదంతా కాస్తాయి. దాటే దారి ఒక్కటే. రెండు పెద్ద కొండల మధ్య సన్నటి సందు. దాన్ని గాలిగొంతు అంటారు.

చెట్టు నుంచి చెట్టుకు ఎగరడం ఏ తల్లైనా నేర్పుతుంది. గాలిగొంతు దాటడం వేరే చదువు. పోలమ్మకు అది రాదు. చిన్నప్పుడు పిల్లి నోట చిక్కిన ఎడమరెక్క మళ్ళీ సరిగా సాగలేదు. వేసవి అంతా గేదెల వీపుల మీద పిడుదులు ఏరుకుని ప్రాణం నిలుపుకునేది. మొగుడు ఆ సందులోనే గాలికి కొట్టుకుపోయాడు. మిగిలింది ఒక్క కూతురు, పైడి. పిడుదులతో ఒక్క కడుపే నిండదు, రెండు కడుపులు ఎక్కడ నిండుతాయి? ఎండలు ముదిరేలోగా పైడి కొండ దాటడం నేర్చుకోవాలి. లేకపోతే తల్లి పక్కనే ఎండిపోవాలి.

పోలమ్మ తేలిగ్గా నమ్మే రకం కాదు. రాలిన జామపండునైనా నాలుగు వైపులా పొడిచి చూసి గానీ తినేది కాదు. అందుకే, దారి రెండుగా చీలే బండ దగ్గర నక్క గవరయ్య ఎదురొచ్చి పలకరిస్తే మొహం చిట్లించింది.

"పోలమ్మక్కా! పిల్లను బడిలో వేయడానికేనా ఈ ప్రయాణం?"

"నీకెందుకు గవరయ్యా? నువ్వు ఎగరవు, నీ పిల్లలు ఎగరరు."

"ఎగరను గనకే ఏ పక్షమూ లేదు నాకు. ఇక్కడ రెండు బళ్ళున్నాయి. కొండకు ఇవతలి లోయలో నెమలి మేఘనాథం గారిది ఒకటి, బోడికొండ మీద ముసలి రాబందు జోగులుది ఒకటి. ఏది మంచిదో నేను చెప్పను."

"నువ్వు చెప్పినా నేను నమ్మను."

"నమ్మవద్దు! అదే నేను అనేది. నీ కళ్ళతో నువ్వు చూసుకో. నాకు దారులు తెలుసు, చూపించి పోతాను. అంతే."

ఈ మాట పోలమ్మకు నచ్చింది. తనలాంటి బుర్రే ఇతనికీ ఉంది అనుకుంది.

మర్నాడు తెల్లవారుతుండగానే గవరయ్య వాళ్ళను లోయకు తీసుకుపోయాడు. ఆహా, ఏం చోటది! మంచు తడి ఆరని పచ్చిక. ఒక్క ఆకు కదలడం లేదు. పిల్ల పక్షులు బారు తీరి, గీత గీసినట్టు ఎగురుతున్నాయి. ఒకదాని రెక్క ఒకదానికి తగలడం లేదు. మేఘనాథం పింఛం విప్పి ఎదురొచ్చాడు.

"రండమ్మా, రండి. తల నిటారుగా, తోక చదునుగా, చూపు ముందుకు. ఇదీ మా పద్ధతి. మా శిష్యులు వెనక్కి తిరిగి చూడరు. వెనక్కి తిరగడం అంటే ఏమిటో కూడా వాళ్ళకు తెలియదు."

"ఎవరైనా పడ్డారా అండీ ఇక్కడ?" అని అడిగింది పోలమ్మ.

"ఈ లోయలో ఇంతవరకు ఒక్క పిల్లా పడలేదు. ఎవరినైనా అడగండి."

అది అబద్ధం కాదు. పోలమ్మ నలుగురు పిల్లల్ని పక్కకు పిలిచి అడిగింది కూడా. ఎవరూ పడలేదు.

"మధ్యాహ్నం ఏం నేర్పుతారు?"

"మధ్యాహ్నం సెలవమ్మా. పసివాళ్ళు కదా, ఎండన పడి ఎందుకు? నీడలో పడుకుంటారు."

ఎంత దయ ఉన్నవాడో అనుకుంది పోలమ్మ.

అక్కడి నుంచి బోడికొండకు గవరయ్య తిన్నగా తీసుకుపోలేదు. ఈ వాగు చూడు, ఆ గుహ చూడు అని చుట్టూ తిప్పి, ఎండ నడినెత్తికి వచ్చాక కొండ ఎక్కించాడు. పైన చెట్టు లేదు, నీడ లేదు. గాలి బండల్ని కోస్తున్నట్టు వీస్తోంది. పిల్ల పక్షులు కాగితం ముక్కల్లా అటూ ఇటూ ఎగిరిపడుతున్నాయి. వాళ్ళ ఎదురుగానే ఒక పిచ్చుకపిల్ల గిరగిర తిరిగి ముళ్ళపొదలో పడింది. బండ మీద మెడ ముడుచుకుని కూర్చున్న జోగులు కదలనైనా లేదు.

"లే! మళ్ళీ పో! గాలి కిందికి తోస్తోందంటే ఏం చేయాలి?"

"తిరగాలి తాతా!"

"ఎప్పుడు?"

"భయం వేయకముందే!"

"మరెందుకు తిరగలేదు? దద్దమ్మా!"

పోలమ్మకు ఒళ్ళు మండింది. "ఏం మామా, పసిపిల్ల ముళ్ళలో పడితే దిగి లేపాల్సింది పోయి తిడతావా? అసలు ఏం నేర్పుతున్నావు ఇక్కడ?"

"వెనక్కి తిరగడం."

"బాగుంది! కొండ దాటడం నేర్పమంటే పారిపోవడం నేర్పుతావా?"

"తిరగడం వచ్చినవాడే దాటుతాడు. సందులో నడిమధ్యన పోకూడదు. ఒక కొండను ఆనుకుని పోవాలి. అప్పుడే తిరగడానికి రెండో పక్క చోటు మిగులుతుంది. అది వంటబట్టడానికి ఈ గాలి కావాలి."

"కొండను ఆనుకుని పోతే రాయి తగిలి చావదూ?"

జోగులు ఆమె వైపు అప్పుడు చూశాడు. "నిన్ను ఎవరు తెచ్చారు? గవరయ్యేనా? లోయను ఏ పూట చూశావు?"

"పొద్దున. ఒక్క ఆకు కదల్లేదు."

"అయితే నువ్వేం చూడలేదు. పోయి ఈ పూట చూడు. లేదా రేపు పొద్దున ఇక్కడికి రా. రెండు చోట్లనూ ఒకే పూట చూడు. నీ పిల్లను నాకివ్వమని అడగడం లేదు. ఇక అడ్డు లే, ఆ పిచ్చుక కనిపించడం లేదు నాకు."

నాలుగు మంచి మాటలతో ఆ సంగతే చెప్పి ఉంటే పోలమ్మ వినేదేమో. ముసలాడికి మెత్తగా మాట్లాడటం చేతకాదు. కొండ దిగుతూ పైడి అంది, "అమ్మా, ఆ పిచ్చుక పడింది గానీ లేచింది కదా. మళ్ళీ పోయింది కదా. నేను ఇక్కడే నేర్చుకుంటానే."

"నోర్ముయ్. మీ అయ్య ఇలాంటి గాలిలోనే పోయాడు."

"అందుకే అంటున్నానమ్మా."

గవరయ్య వెనక నుంచి మెల్లగా దగ్గాడు. "బావను తలుచుకుంటే నాకే కడుపు తరుక్కుపోతుంది అక్కా. అయినా నేను ఏమీ చెప్పను. చూశావు కదా, నీ ఇష్టం."

"ఓసారి లోయకు పోయి వద్దామా, ఈ ఎండలో ఎలా ఉందో?" అంది పోలమ్మ. అడిగింది. ఆ మాత్రం అడిగింది, పాపం.

"ఈ పూట అంతా పడుకుని ఉంటారు కదా? నిద్రపోయే పిల్లల్ని చూసి ఏం తెలుస్తుంది?"

అదీ నిజమే అనిపించింది. పైడిని లోయ బడిలో వేసింది.

పైడి బాగా నేర్చుకుంది. తల నిటారుగా, తోక చదునుగా. రోజూ పొద్దున పోలమ్మ గట్టు మీద కూర్చుని చూసి మురిసిపోయేది. ఒకనాడు పైడి అడిగింది, "అయ్యగారూ, గాలి వస్తే ఏం చేయాలండీ?" మేఘనాథం నవ్వాడు. "మంచి శిష్యులకు గాలి దారి ఇస్తుంది తల్లీ." పిల్లలంతా నవ్వారు. పైడి మళ్ళీ అడగలేదు.

ఎండలు ముదిరాయి. దాటే రోజు వచ్చింది. జోగులు శిష్యులు చీకటి విడుతుండగానే గాలిగొంతు వైపు పోయారు. లోయ బడిలో మాత్రం సంబరం జరగాలి. మేఘనాథం ప్రతి పిల్ల మెడకూ తన పింఛంలో ఒక కన్ను ముక్క కట్టాడు. ప్రతి పిల్ల గురించీ మాట్లాడాడు. తన గురించి ఇంకా ఎక్కువ మాట్లాడాడు. చివరగా పైడిని పిలిచి, "మీ అందరికీ ముందు ఈమె పోతుంది" అన్నాడు. సూర్యుడు నెత్తి మీదికి వచ్చేశాడు.

పోలమ్మ వంకర రెక్కతో గెంతుతూ, ఎగురుతూ గాలిగొంతు కింద బండ మీదికి చేరింది. కూతురు కొండ దాటడం తన కళ్ళతో చూడాలి కదా.

అప్పుడే సందులోంచి, పొద్దున దాటలేక ఆగి మళ్ళీ ప్రయత్నించిన రెండు మూడు పక్షులు వెనక్కి తిరిగి వస్తున్నాయి. వాటిలో ముళ్ళపొదలో పడ్డ ఆ పిచ్చుక కూడా ఉంది. "గాలి దిగుతోంది! ఈ పూట వద్దు!" అని అరుస్తూ వచ్చింది. పోలమ్మ దాన్ని చూసి నవ్వింది. "పారిపోవడం బాగా నేర్పాడు ముసలాడు" అంది.

పైడి వచ్చింది. నడిమధ్యన, గీత గీసినట్టు. మెడలో నెమలికన్ను తళుక్కున మెరిసింది. "అదిగో నా పిల్ల!" అంది పోలమ్మ, పక్కన ఎవరూ లేకపోయినా.

గాలి కొండ మీది నుంచి దిగింది. వాగులో నీళ్ళు దూకినట్టు దిగింది. పైడి కిందికి జారింది. రెక్కలు గట్టిగా కొట్టింది, ఇంకా జారింది. పిచ్చుక అరిచింది, "తిరుగు! అక్కా, తిరుగు!" పైడి తల తిప్పింది. తిరగాలనే చూసింది. అటు కొండ, ఇటు కొండ, నడిమధ్యన తను. చోటు చాలలేదు. ఒక రెక్క రాతికి తగిలింది.

పడేటప్పుడు కూడా తల నిటారుగానే ఉంచింది.

పోలమ్మ పొదల్లో వెతుక్కుంటూ పోయేసరికి అక్కడ గవరయ్య కూర్చుని ఉన్నాడు. అతని కింద గడ్డి నలిగి ఉంది. చాలా సేపటి నుంచి కూర్చున్న చోటులా, ఏటా కూర్చునే చోటులా ఉంది. చుట్టూ పాత ఈకలు. కొన్నిటికి నెమలికన్ను ముక్కలు కట్టి ఉన్నాయి.

"నువ్వా!" అంది పోలమ్మ.

"నేనేం చేశానక్కా? ఒక్క అబద్ధం ఆడానా? నీ కళ్ళతో చూసుకోమన్నాను. చూసుకున్నావు."

పోలమ్మ అతన్ని దాటి పైడి దగ్గరికి గెంతింది. బిడ్డ మీద రెక్కలు పరిచి కూర్చుంది.

"కూర్చో, కూర్చో. నాకేం తొందర లేదు" అన్నాడు గవరయ్య. "ఎప్పటికైనా లేస్తావు కదా."

ఒక పెద్ద నీడ బండ మీద వాలింది. జోగులు. చచ్చినదాన్ని తిని బతికే జాతి వాడిది. వాడు ఆ చిన్న ఒంటి వైపు వీపు పెట్టి, నక్క వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. గవరయ్య లేచి దులుపుకుని పోయాడు.

పోలమ్మ బిడ్డ మీది రెక్క తీయకుండానే అంది, "ఆ పూట ఒక్క మాట మెత్తగా చెప్పి ఉండకూడదా మామా?"

"చెప్పాల్సింది" అన్నాడు జోగులు.

మేఘనాథం దగ్గరికి కూడా పోయింది పోలమ్మ. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చాడు. "నా లోయలో మాత్రం ఎవరూ పడలేదమ్మా" అన్నాడు. అదీ నిజమే.

పోలమ్మ ఇప్పుడు దారులు చీలే ఆ బండ మీద ఉంటుంది. మొన్న ఒక పికిలిపిట్ట తన పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. ముందు గవరయ్య నడుస్తున్నాడు.

"ఎక్కడ వేస్తున్నావమ్మా?" అని అడిగింది పోలమ్మ.

"లోయలో. చూసే వచ్చాం లెండి. ఒక్క ఆకు కదల్లేదు!"

"ఏ పూట చూశావు? మధ్యాహ్నం కూడా పోయి చూడు తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటాను."

పికిలిపిట్ట గవరయ్య వైపు చూసింది. గవరయ్య ఆమె చెవి దగ్గర వంగి, "బిడ్డ పోయింది, పాపం. మతి కాస్త చలించింది" అన్నాడు. పికిలిపిట్ట అయ్యో అనుకుంటూ పిల్లను తోసుకుంటూ లోయదారి పట్టింది. పిల్ల మాత్రం వెనక్కి తిరిగి తిరిగి పోలమ్మను చూస్తూ పోయింది.

గాలి లేని పూట చూసి మెచ్చిన చోటు, గాలి వచ్చిన పూట బిడ్డను కాపాడలేదు.

ఇప్పుడు చెప్పండి. మీరు ఏ పూట చూసి వచ్చారు?