గేట్లో లారీ, చేతిలో నోటీసు

పేరిశాస్త్రి మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరు, చేతికో పని అప్పగిస్తారు. పదవీ విరమణ చేశాక కూడా సాయంత్రాలు బడికి రావడం మానలేదు, ఈ అలవాటూ మానలేదు. ఆయన దగ్గరే చదువుకుని, అదే బడిలో తెలుగు టీచరుగా చేరిన వకుళకు ఆ సంగతి తెలియనిది కాదు. అయినా ఆ రోజు అడక్క తప్పలేదు.

మర్నాడు తల్లిదండ్రుల సమావేశం. పిల్లలు బడికి సెల్‌ఫోన్ తేవచ్చా కూడదా అన్నది బడి తరఫున ఆమె రాసి చదవాలి. కిందటి నెల ఆమె రాసిన నోటీసు చదివి సగం మంది తేవచ్చనుకున్నారు, సగం మంది కూడదనుకున్నారు. గేటు దగ్గర రోజూ తగువే. పైగా, పొరుగూరి నుంచి బస్సులో వచ్చే నాగలత తండ్రి, ఫోన్ కుదరదంటే పిల్లని బడి మాన్పిస్తానని కబురు పెట్టాడు. అది విన్నప్పటి నుంచి వకుళ రాస్తూ, కొట్టేస్తూనే ఉంది. కొత్త కాగితం మొదట్లో టీచరుగా గద్దించింది, మధ్యలో నాగలత తల్లిలా బతిమాలింది, చివరికొచ్చేసరికి పిల్లలతో చేరి అలిగింది.

“నా రాత ఒక తీరుగా ఎందుకు సాగదు మాస్టారూ?” అంది, ఏడుపొక్కటే తక్కువగా.

అంతలో కొత్త బెంచీలతో లారీ వచ్చింది. క్లీనరు రాలేదట. “వెళ్ళి వెనక నిలబడి, చెయ్యి చూపిస్తూ ఆ లారీని రివర్సులో లోపలికి రానియ్యమ్మా” అన్నారు మాస్టారు. ఇదేం విడ్డూరమని లోలోపల గొణుక్కుంటూనే ఆమె వెళ్ళింది.

గేటుకు ఒక పక్క గోడ, రెండో పక్క పిల్లలు చేతులు కడుక్కునే కుళాయిలు. వకుళ గోడ దగ్గర నిలబడి “రండి, రండి” అంది. కుళాయిలు గుర్తొచ్చి అటు పరిగెత్తింది. గోడ గుర్తొచ్చి మళ్ళీ ఇటు వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కి తల బయటపెట్టాడు.

“ఎక్కడున్నారండీ మీరు? అద్దంలో ఓసారి కనపడతారు, ఓసారి మాయమైపోతారు. నేనెటు తిప్పేది?”

“రెండు పక్కలా చూసుకోవాలి కదా!” అంది వకుళ, ఉక్రోషంగా.

“నువ్వు చూడాల్సిందే. కానీ అతనికి నువ్వు కనపడాలిగా” అన్నారు వెనకనుంచి మాస్టారు.

ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి, గోడా కుళాయిలూ తనకు కనపడేచోట, తాను డ్రైవరు అద్దంలో కనపడేచోట కదలకుండా నిలబడింది. అక్కణ్ణుంచే కాసేపు అటు, కాసేపు ఇటు చెయ్యి ఊపింది. లారీ ఎక్కడా గీసుకోకుండా లోపలికి వచ్చేసింది. హమ్మయ్య అనుకుని, దించిన బెంచీ మీదే కూర్చుని మళ్ళీ రాసింది. ఈసారి మొదటి నుంచి చివరిదాకా టీచరే మాట్లాడింది. దూరం నుంచి వచ్చే పిల్లలు ఫోన్ తెచ్చుకోవచ్చు, చివరి గంట కొట్టేదాకా అది ఆఫీసు బీరువాలో ఉంటుంది, క్లాసులో కనిపిస్తే మాత్రం ఊరుకోను, అని. నాగలత తండ్రికి ఫోన్ చేసి చదివి వినిపించింది.

“ఇప్పుడర్థమైందమ్మా. రేపు పంపిస్తాను” అన్నాడాయన.

వకుళకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఎన్నాళ్ళకో గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. అయినా ఓ అనుమానం పీకుతూనే ఉంది.

“తేవచ్చనీ అన్నాను, కూడదనీ అన్నాను. మళ్ళీ రెండు మాటలే అయ్యాయేమో మాస్టారూ?”

మాస్టారు చెప్పులేసుకుంటూ నవ్వారు.

“ఇందాక ఒక్కచోటే నిలబడి చెయ్యి కూడా అటూ ఇటూ ఊపావుగా తల్లీ. లారీ లోపలికే వచ్చింది.”