మూత కింది వేళ్ళు

ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు మా గురువుగారు సోమయాజులు గారికి లేదు. అడిగినవాళ్ళ చేతిలో ముందు ఏదో ఒక పని పెడతారు. పెసరపప్పులో రాళ్ళు ఏరమంటారు, గోడ గడియారానికి బ్యాటరీ మార్చమంటారు. పని పూర్తయ్యేసరికి కొందరికి తామేం అడిగారో గుర్తుండదు, కొందరికి జవాబు అవసరమే ఉండదు. కాకినాడలో నాలుగో అంతస్తు ఫ్లాటులో, ఆదివారం సాయంత్రాలు ఆయన చెప్పే వేదాంత పాఠానికి వెళ్ళే మా పదిమందికీ ఈ సంగతి బాగా తెలుసు. అయినా అడగడం మాత్రం మానం.

ఒక ఆదివారం పాఠం అయ్యాక హైమవతి గారు లేవలేదు. ఆవిడ చెల్లెలు విశాలి లెక్కల టీచరు. భర్త పోయి నాలుగు నెలలైంది. పిల్లలు లేరు. అక్కే వెళ్ళి తన ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడా అమ్మాయి రెండు వారాల్లో ఏదో ఆడవాళ్ళ హాస్టలుకి వెళ్ళిపోతానంటోందట.

"నేనేం తక్కువ చేశానండీ? దాని కోసం మంగళవారాలు ఉపవాసం ఉంటున్నాను. రోజూ పక్కన కూర్చుని మీరు ఇక్కడ చెప్పిందంతా దానికి చెబుతున్నాను. దేహం వేరు, ఆత్మ వేరు, ఏడవకూడదు అని. ఒక్క పూటైనా ఒంటరిగా వదల్లేదు. ఇంకేం చెబితే ఉంటుందో మీరే చెప్పండి."

హైమవతి గారి ప్రేమ ఎలాంటిదో మాకందరికీ అనుభవమే. నాకు రెండు తుమ్ములు వస్తే మిరియాల కషాయం ఫ్లాస్కులో పోసుకుని పాఠానికి వచ్చిన మనిషి ఆవిడ. అది తాగేదాకా ఎదురుగా నిలబడ్డారు కూడా.

గురువుగారు కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, "నేను రేపు శ్రీకాకుళం వైపు ప్రవచనాలకి వెళ్తున్నానమ్మా. పది రోజులు. వచ్చాక మాట్లాడుకుందాం. ఈలోగా ఇంట్లో దీపం, సాలగ్రామానికి అభిషేకం నువ్వు చూసుకోవాలి. దీన్ని కూడా," అని వంటింటి గట్టు మీదున్న పెట్టెను చూపించారు.

మట్టి లేకుండా నీళ్ళలోనే ఆకులు పెంచే హైడ్రోపోనిక్ పెట్టె అది. చూడ్డానికి రైస్ కుక్కరంత ఉంటుంది. మూతకి ఆరు కన్నాలు, ఒక్కో కన్నంలో స్పాంజి ముక్క, అందులో ఒక మొక్క. కొత్తిమీర, పుదీనా, మెంతికూర, వాము, చివర ఒక తులసి. ఆరోదానిలో ఏం వేశారో ఆయనకే గుర్తులేదు, అదీ మొలవలేదు. పైన దీపం తెల్లారి అయిదింటికి దానంతటదే వెలిగి రాత్రికి ఆరిపోతుంది. ఈ ఇంట్లో తనకంటే వేళకి లేచేది అదొక్కటేనని గురువుగారు నవ్వేవారు. "ఎర్ర లైటు మినుకుమంటే గీత దాకా మంచినీళ్ళు పొయ్యి. పచ్చది మినుకుమంటే ఈ సీసాలోది రెండు మూతలు. ఇంకేమీ వద్దు," అని రెండుసార్లు చెప్పారు. హైమవతి గారు రెండుసార్లూ తలూపారు.

బుధవారం ఉదయం స్టేషను నుంచి ఆయన్ని తీసుకొచ్చింది నేనే. తలుపు తీయగానే విరిగిన పాల వాసన. హైమవతి గారు గట్టు పక్కన దోషిలా నిలబడి ఉన్నారు. మెంతికూర పడిపోయింది. కొత్తిమీర పసుపు తిరిగింది. తులసి ఆకులన్నీ వేలాడేసింది.

గురువుగారు సంచి కింద పెట్టి మూత ఎత్తారు. తెల్లటి దారాల్లా ఉండాల్సిన వేళ్ళు నానిన కొబ్బరిపీచు రంగులో, జిగురు పట్టి, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. నీళ్ళ మీద పసుపు తేలుతోంది.

"ఏం పోశావమ్మా?" అన్నారు. గొంతులో కోపం లేదు.

ఆవిడ చెప్పారు. రోజూ అభిషేకం చేసిన పాలూ నీళ్ళూ ఎవరూ తొక్కని చోట, ఒక మొక్క మొదట్లో పోయాలి కదా. సింకులో పోస్తే మహాపాపం. కిందికి దిగి పోసి రావడానికి లిఫ్టు పనిచేయడం లేదు, తన మోకాళ్ళు సహకరించలేదు. ఎదురుగా తులసమ్మ ఉండనే ఉంది. అందుకని ఆ పెట్టెలోనే పోశారు. శుక్రవారం నాడు చిటికెడు పసుపు కూడా వేశారు. "ఇంకేమీ వద్దన్నారు, నిజమే. కానీ తీర్థాన్ని కూడా 'ఇంకేమీ' కింద జమకడతారని నేననుకోలేదండీ," అన్నారు. అనేటప్పటికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "భక్తితోనే పోశాను."

నాకు నవ్వొచ్చింది. గురువుగారు నావైపు చూసేసరికి అది గొంతులోనే ఆగిపోయింది.

"భక్తితోనే పోశావు, నాకు తెలుసు. మొదటి నెల నేనూ ఇదే చేశాను," అన్నారాయన. "మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ కింద నందివర్ధనం మొదట్లో పోసేది. ఆవిడ పోయాక నాకు మెట్లు దిగబుద్ధి కాలేదు. ఇందులోనే పోశాను. ఆరూ చచ్చిపోయాయి."

ఆ తర్వాత ముగ్గురం కలిసి పెట్టె కడిగాం. గురువుగారు గోళ్ళ కత్తెరతో కుళ్ళిన వేళ్ళు ఒక్కొక్కటే కత్తిరించారు. మెంతికూర, కొత్తిమీర తీసి పారేయాల్సి వచ్చింది. పుదీనా, వాము మొండివి, వాటికేమీ కాలేదు. తులసికి మాత్రం రెండే వేళ్ళు తెల్లగా మిగిలాయి.

"నందివర్ధనం అన్నేళ్ళూ అన్ని పాలు తాగి ఎలా బతికిందండీ మరి?" అన్నారు హైమవతి గారు.

"దానికి మట్టి ఉందమ్మా. మనం ఏం పోసినా ముందు మట్టి మింగుతుంది, వేరుకి కావలసినంతే వదుల్తుంది. ఇది మట్టిలోంచి వచ్చేసింది. మనం ఏది పోస్తే అది సూటిగా వేరుకే తగులుతుంది."

హైమవతి గారి చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. తర్వాత, ఎవరితోనో కాకుండా ఆ పెట్టెతోనే చెబుతున్నట్టు అన్నారు. "మొన్న అదేమందో తెలుసాండీ? 'అక్కా, ఆయన పోయిన రోజు నుంచి నన్ను ఒక్కసారి కూడా ఏడవనివ్వలేదు నువ్వు' అంది. నాకు కోపం వచ్చింది. ఇంత చేస్తుంటే ఇదా మాట అని."

అప్పుడు ఏడ్చారావిడ. కొంగుతో మొహం కప్పుకుని, చిన్నపిల్లలా ఏడ్చారు. గురువుగారు ఓదార్చలేదు, శ్లోకమూ చదవలేదు. స్టూలు జరుపుకుని పక్కనే కూర్చున్నారు. నాకేం చేయాలో తెలియక స్పాంజి ముక్కలు రెండోసారి కడిగాను.

కొంతసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడు దీనికి నేనేం చెయ్యాలి?" అని తులసిని చూపించారు.

"మంచినీళ్ళు పోశాం. వెలుతురుంది. ఇక దాని పని అది చేసుకుంటుంది. నీకు ఉండాలనిపిస్తే దగ్గర ఉండు."

ఆదివారం వచ్చింది. విశాలి వెళ్తానన్న రోజు అదే. పాఠం మొదలయ్యే వేళకి హైమవతి గారు రాలేదు. గురువుగారు రెండుసార్లు గుమ్మం వైపు చూశారు. ఎవరికి ఎంత ఆలస్యమైనా ఆయన పాఠం ఆపడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు ఆపారు.

అరగంట తర్వాత వచ్చారావిడ. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే చెప్పారు. "మూడు రోజులు నేనేమీ చెప్పలేదండీ. నిన్న రాత్రి వాళ్ళాయన చొక్కా ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేను ఊరికే పక్కన కూర్చున్నాను. నోరు తెరవకుండా ఉండటం ఎంత కష్టమో ఆ దేవుడికే తెలియాలి. పొద్దున ఆటో వచ్చింది. వెనక్కి పంపించేసింది. సూట్‌కేసు ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. విశాలి మాత్రం ఇందాక నేనిటు బయల్దేరుతుంటే వంటింట్లో నిలబడి, 'అక్కా, నీక్కూడా కాఫీ కలపనా?' అని అడిగింది. నాలుగు నెలల్లో మొదటిసారండీ! వచ్చి తాగుతానని చెప్పి వచ్చాను."

గురువుగారు లేచి వంటింట్లోకి నడిచారు. మేమందరం వెనకే వెళ్ళాం. ఆయన పెట్టె మూత కొద్దిగా ఎత్తారు. తులసి మొదట్లో, కత్తిరించిన చోట, గోరంత పొడవున తెల్లటి కొత్త వేరు.

హైమవతి గారి మొహం వెలిగిపోయింది. "ఇప్పుడే ఇంటికెళ్ళి ఈ వేరు సంగతి దానికి చెబుతానండీ! మీరన్న మట్టి మాట కూడా చెబుతాను, దానికి ఎంత ధైర్యంగా ఉంటుందో!"

గురువుగారు మెల్లిగా మూత దించారు.

"చెప్పకమ్మా," అన్నారు. "వెళ్ళి కాఫీ తాగు."